మాస్టారి కుర్చీని మాట్లాడుతున్నాను

నిద్రగన్నేరు చెక్కతో చేశారు నన్ను. కృత్తివెన్ను దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో మాస్టారి కుర్చీని. చేతుల మీద వార్నిష్ ఎప్పుడో పోయింది. ఎందరు మాస్టార్లు, టీచరమ్మలు మోచేతులు ఆనించారో, అక్కడ చెక్క నున్నగా తేలింది. బడుల్ని బాగుచేసే నాడు-నేడు పథకంలో కొత్త కుర్చీలొచ్చినా నన్ను తీసేయలేదు. నా ఎదుట నిలబడి ఊరు మాస్టారిని ఏమేం అడిగిందో నాకు తెలుసు.

పంచాయతీ సమితుల కాలంలో పిల్లాణ్ణి రెక్క పట్టి లాక్కొచ్చి, "కళ్ళు రెండూ ఉంచి చర్మం ఒలిచెయ్యండి పంతులుగారూ" అని అప్పజెప్పి పోయేవారు. బెత్తం నా వీపుకే ఆనించి ఉండేది. దానికి జడిసి బడి ఎగ్గొట్టిన పిల్లలు ఉప్పుటేరు గట్టున పీతలు పట్టుకుంటూ దొరికేవారు. కొందరు మళ్ళీ బడి గుమ్మం తొక్కలేదు. ఆ రోజులే మంచివని ఎవరైనా అంటే నాకు బాధేస్తుంది. 2010 ఏప్రిల్ 1న విద్యాహక్కు చట్టం అమల్లోకొచ్చింది, పిల్లల్ని కొట్టకూడదంది. బడిలో నేను చూసిన మార్పుల్లో అంత మంచిది మరొకటి లేదు.

ఆ బెత్తం రోజుల్లోనే బడి వదిలాక ఊరు వచ్చేది. మనియార్డరు ఫారాలు, అర్జీలు, ఉత్తరాలు. ఒకసారి ఒక ముసలమ్మ గల్ఫుకెళ్ళిన కూతురు రాసిన ఉత్తరం తెచ్చి నా కాళ్ళ దగ్గర గచ్చు మీద కూర్చుంది. మాస్టారు చదివారు. "ఇంకోసారి సదవండి పంతులుగారూ" అంది. మళ్ళీ చదివారు. జ్వరం సంగతి రాసిన చోట గొంతు తగ్గించి, తగ్గిపోయిందన్న మాట రెండుసార్లు చదివారు. అది ఏ జీవోలోనూ లేని పని. కానీ అడిగిన మనిషి ఎదురుగా ఉంది, చేసిన మేలు కళ్ళారా చూసింది.

జనగణన, ఎన్నికలు, విపత్తులు తప్ప చదువుకు సంబంధించని పనికి టీచర్లను పంపకూడదని కూడా ఆ విద్యాహక్కు చట్టంలో ఉంది. తుఫాను హెచ్చరిక వచ్చిన రాత్రి బడి తలుపు తీయడానికి ఏ మాస్టారూ విసుక్కోలేదు. 2003 జనవరిలో మధ్యాహ్న భోజనం మొదలయ్యాక గుడ్లు లెక్కపెట్టడానికీ విసుక్కోలేదు. తిన్న పిల్లలు మధ్యాహ్నం కూడా బడిలో నిలిచారు మరి.

తర్వాత అడిగేవాళ్ళు కంటికి కనపడకుండా పోయారు. మరుగుదొడ్ల ఫోటోలు యాప్‌లో పంపమన్నారు. 2024లో ఆ బాధ తప్పించారు. 2022 ఆగస్టులో మొదలైన, టీచర్ల ముఖం ఫోటో తీసి వేసే హాజరు, భోజనం లెక్కలు మిగిలాయి. పొద్దున్న తొమ్మిదికి టీచరమ్మ ఫోను పట్టుకుని సిగ్నల్ కోసం గుమ్మం దాకా, అక్కణ్ణుంచి వేపచెట్టు దాకా వెళ్తుంది. లోపల ఒకటో తరగతి పిల్ల మొదటిసారి "ళ" సరిగ్గా రాసి, పలక ఎత్తిపట్టుకుని నా పక్కన నిలబడుతుంది. చెయ్యి నొప్పెట్టి పలక దించేస్తుంది.

తల్లిదండ్రులేమో "మావాడికి ఇంగ్లీషొస్తోందా?" అంటారు. అడగాల్సిందే, పిల్లలు వాళ్ళవాళ్ళు. రొయ్యల చెరువుల కాపలాకు వెళ్ళిన కుటుంబం పిల్లాణ్ణి వెంట తీసుకుపోతే, సాయంత్రం నా మీద కూర్చుని తండ్రికి ఫోన్ చేసి, మేనత్త ఇంట్లోనైనా ఉంచమని బతిమాలేది టీచరమ్మే. ఆ ఫోనుకు ఏ యాప్‌లోనూ గడి లేదు.

ఆమె బడికొచ్చిందో లేదో తెలుసుకోవాలంటే ఊరిని అడగండి, చెబుతుంది. ఫోటోలకూ లెక్కలకూ బడికొక గుమస్తాను వేయండి. పొద్దున్న మొదటి గంట మాత్రం ఆ పలక పట్టుకున్న పిల్లది.