ఇసుక బస్తాలు పోయి మౌస్ వచ్చె

మా రోజుల్లో మందుపాతర ఒక్కసారే పేలేది. మా మనవడు నాంపల్లి ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని, పొద్దుటి నుంచి అదే బండి కింద అదే మందుపాతరను పేలుస్తూనే ఉన్నాడు. బండికి గీత పడదు, వీడి చొక్కాకు మసి అంటదు. పైగా దీనికి నెలనెలా జీతం!

పేలుళ్లు మా పేటకు కొత్తా? అబిడ్స్ పక్కనే గన్‌ఫౌండ్రీలో, 1795 నాటికే నిజాం కోసం ఫ్రెంచివాడైన రేమండ్ ఫిరంగులు పోత పోయించాడు.

మా కాలంలో అడవి దారుల్లో తిరిగే జీపుకు రక్షణంటే అడుగున ఇసుక బస్తాలు, పైన దేవుడు. 2000 మార్చిలో ఘట్‌కేసర్ దగ్గర మంత్రి మాధవరెడ్డిని మందుపాతర పొట్టన పెట్టుకుంది. 2003 అక్టోబరు 1న అలిపిరిలో మందుపాతర పేలినా చంద్రబాబు బతికి బయటపడితే, నాంపల్లి స్టేషన్ ముందు చాయ్ కొట్టులో అందరిదీ ఒకటే మాట: వెంకన్నే కాపాడాడు. బండికి ఇంకా మందం రేకు వెయ్యాలన్నవాళ్లున్నారు గానీ, లోపలి మనిషి కాళ్లేమవుతాయని అడిగినవాడు లేడు.

మా మనవడి పనంతా ఆ కాళ్ల గురించేనట. కంప్యూటరు తెరమీద చూపించాడు. బండి ఇంకా గాల్లోకి లేవకముందే నేలరేకు పైకి ఉబ్బి, లోపల మనిషికి బదులు కూర్చోబెట్టిన బొమ్మ మడమలను తన్నింది. ఆ వెనకే సీటు వెన్నును గుద్దింది. మోకాలి కింది ఎముక మీద 5.4 కిలోన్యూటన్లు, అంటే సుమారు 550 కిలోల బరువు దాటితే ఆ డిజైన్ ఫెయిలు. అందుకే సీటును నేలకు బిగించకుండా పక్క గోడకో పైకప్పుకో తగిలిస్తారు. మన ఎద్దుమైలారం ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ మైన్‌ప్రూఫ్ బండ్లకు అడుగు పడవలా కోసుగా ఉండేది కూడా పేలుడు తాకిడి పక్కలకు జారిపోవాలనే.

"ఇన్నిసార్లు పేల్చావు కదా, ఇక నిజం బండిని పేల్చక్కర్లేదా?" అన్నాను.

"చివరికి పేల్చాల్సిందే తాతా. ఏ డిజైన్ పనికిరాదో ముందే తెలిస్తే బండ్లు మిగులుతాయి."

ఆ ముక్క పొద్దున్నే చెప్పొచ్చుగా!

బొమ్మకు నాలుగు పట్టీల బెల్టు బిగించందే లెక్క మొదలుపెట్టడు. సాయంత్రం ఇదే పెద్దమనిషి హెల్మెట్ మోచేతికి తగిలించుకుని, బైకు మీద అబిడ్స్ ట్రాఫిక్‌లో దూరిపోతాడు. అడిగితే "ఇక్కడిదాకేగా తాతా" అంటాడు. మా రోజుల్లో మాకు హెల్మెట్లు లేవు, నిజమే. ఉన్నదాన్ని మోచేతికి పెట్టుకునేంత చదువు కూడా లేదు.