అనంతానికి ఎన్ని డిగ్రీలు?

యాంటెన్నా సిమ్యులేషన్ చేసేవాళ్లకి వేరే వేదాంతం అక్కర్లేదు. అనంతం మాకు మెనూలోనే దొరుకుతుంది. హెచ్‌ఎఫ్‌ఎస్‌ఎస్ అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో రేడియేషన్ ప్యాటర్న్ గీయాలంటే ముందు ‘ఇన్ఫినిట్ స్ఫియర్’ పెట్టాలి. రైట్ క్లిక్ కొడితే అనంత గోళం ప్రత్యక్షమై, వెంటనే లెక్కలడుగుతుంది: థీటా ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా? ఫై ఎంత? ఎన్ని డిగ్రీలకొకసారి? థీటా 0 నుంచి 180, ఫై 0 నుంచి 360 ఇస్తే గోళమంతా వచ్చేస్తుంది. కొత్తగా చేరినవాళ్లు ఉదారంగా రెండింటికీ 360 ఇస్తారు. గోళానికి రెండు పూతలు పడతాయి. అంతరం 10 డిగ్రీలు పెట్టారా, సన్నటి లోయలన్నీ మధ్యలో జారిపోయి ఎంత వంకర యాంటెన్నా అయినా పెద్దమనిషైపోతుంది.

మొదటి పాఠం అందరికీ హాఫ్ వేవ్ డైపోలే. గెయిన్ 2.15 డీబీఐ. తీగ చుట్టూ సమానంగా, కొసల వైపు సున్నా. త్రీడీలో గీస్తే అచ్చం గారె. ఇంటి నుంచి పనిచేస్తున్న రోజుల్లో మా అమ్మ వెనక నుంచి తొంగి చూసింది.

“ఏమిట్రా, గారె అంచులు అంత ఎర్రగా మాడాయి?”

“మాడలేదమ్మా. ఎరుపంటే అటు సిగ్నల్ ఎక్కువని.”

“మరి ఆ చిల్లు?”

“తీగ కొస అటు ఉంటుంది. అటువైపు ఏమీ పోదు.”

“అయితే ఆ సెల్ టవర్‌వాళ్లు చిల్లు మన వంటింటి వైపు పెట్టారన్నమాట.”

ఆ చిల్లునే ‘నల్’ అంటారని సెమిస్టరంతా విన్నాను గానీ, ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

అసలు కళంతా స్కేలులో ఉంది. మెయిన్ లోబ్ కన్నా 20 డీబీ తక్కువున్న సైడ్ లోబ్ అంటే శక్తిలో నూరో వంతు. లీనియర్‌లో గీస్తే భూతద్దం పెట్టి వెతుక్కోవాలి. అదే పోలార్ ప్లాట్ నడిబొడ్డుని మైనస్ 40 డీబీ చేస్తే, ఆ నూరో వంతే సగం వ్యాసార్థం దాకా చెవులు నిక్కబొడుచుకుని నిలబడుతుంది. యాంటెన్నా మారలేదు, రాగి వెంట్రుకవాసి కదల్లేదు. అందుకే లోకరీతి ఒకటి ఏర్పడింది: మన డిజైన్ లీనియర్‌లో, పోటీవాడిది డీబీలో. నేనీ లోకరీతికి బద్ధ వ్యతిరేకిని, ముఖ్యంగా పోటీవాడు పాటించినప్పుడు.

ఇంతకన్నా తేలిక మార్గం నార్మలైజ్ చేయడం. ఏ యాంటెన్నా అయినా సరే, దాని గరిష్ఠాన్ని సున్నా డీబీ అనేస్తారు. ఆకారం మిగులుతుంది, అసలు గెయిన్ మాయం. శక్తిలో సగం బోర్డులోనే వేడెక్కి పోయినా బొమ్మ మీద మచ్చ పడదు. మొన్నొక సమీక్షలో పెద్దాయన అడిగాడు, “గెయిన్ ఎంతోయ్?”

“సున్నా డీబీ సార్, నార్మలైజ్డ్,” అన్నాడు కుర్రాడు.

“పోన్లే, మైనస్‌లోకి పోలేదు కదా,” అంటూ ఆయన సంతకం పెట్టేశాడు.