ఖాళీ జాగా

గుంటూరు వైపు ఓ జూనియర్ కాలేజీ. రోడ్డుకి అటుపక్క కాలేజీకి వెబ్‌సైట్ ఉంది గనక ఈ కాలేజీ కరస్పాండెంట్ గారికీ ఒకటి కావాల్సొచ్చింది. పని ఒప్పుకున్న కుర్రాడు మూడు పేర్లు రాసుకుని వెళ్ళాడు: డ్రూపల్, జూమ్లా, వర్డ్‌ప్రెస్. రేపు తేదీలు మార్చాలన్నా, ఫొటోలు ఎక్కించాలన్నా ప్రోగ్రామర్ కోసం కాచుక్కూర్చోకుండా ఆఫీసువాళ్ళే చేసుకునే ఏర్పాటు మూడింట్లోనూ ఉంటుందని చెప్పాడు.

"అమెరికావాళ్ళు ఏది వాడతారు?" అన్నారు కరస్పాండెంట్ గారు. ఆయన అల్లుడు డాలస్‌లో ఉంటాడు.

"వైట్‌హౌస్ సైటు 2009లో డ్రూపల్‌కి మారింది సార్, ఒబామా ఉండగా. 2017లో ట్రంప్ వచ్చాక వర్డ్‌ప్రెస్‌కి మార్చారు."

"అంటే అధ్యక్షుడు మారితే ఇదీ మారుద్దన్నమాట. మన దగ్గర ఆ బెడద లేదులే. ఏది చవక?"

"మూడూ ఉచితమే సార్."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "సాఫ్ట్‌వేర్ ఉచితమైతే మరి నీకెందుకయ్యా డబ్బులు?"

చివరికి వర్డ్‌ప్రెస్ ఖాయమైంది. డ్రూపల్ అయితే ఎవరు ఏది మార్చొచ్చో గట్టిగా కట్టడి చేయొచ్చు. కానీ ఆ ఆఫీసులో ఉన్నదల్లా ఒక్క గుమాస్తా, అంత సరంజామా ఎందుకని కుర్రాడి లెక్క. (నన్నడిగినా అదే చెప్పేవాణ్ణి.) సగం డబ్బు ముందు, మిగతా సగం సైటు నచ్చాక. ఈ 'నచ్చాక' అనే షరతుకి తలూపినవాడు బాగుపడ్డ దాఖలా నేనైతే చూళ్ళేదు.

వర్డ్‌ప్రెస్‌కి దాదాపు ఏటా ఓ కొత్త థీమ్, అంటే సైటు రూపురేఖల మూస, ఓ సంవత్సరం పేరుతో వస్తుంది. కుర్రాడు 2021 పేరున్నది తీసుకున్నాడు. లేత పచ్చ నేల, పెద్ద పెద్ద నల్ల అక్షరాలు. పైన కాలేజీ పేరు, ఫోన్ నంబరు. కింద గ్రూపులు, ఫీజులు, అడ్రసు.

"ఏందయ్యా ఇంత ఖాళీ? ఈ జాగాక్కూడా అద్దె కడుతున్నాం కదా?"

నింపడం మొదలైంది. అన్నిటికన్నా పైన ర్యాంకులు, కుడి నుంచి ఎడమకి పరుగెడుతూ. వాటి కింద కరస్పాండెంట్ గారి ఫొటో. దాని పక్కనే, కొంచెం చిన్నదిగా, సరస్వతీదేవి. చుట్టూ పెళ్ళిపందిరికి కట్టినట్టు రంగు లైట్లు. 'అడ్మిషన్లు జరుగుచున్నవి' అని మిణుకుమిణుకుమనే ఎర్ర పట్టీ. సైటు తెరవగానే ప్రార్థన వినపడాలన్నారు. ఈ కాలపు బ్రౌజర్లు మనం తాకందే మోత పెట్టనివ్వవు. అందుకని తెరమీద ఎక్కడ వేలు పడ్డా మోగేట్టు కట్టాడు. అర్ధరాత్రి పూట కొడుకు చదువు కోసం నంబరు వెతుక్కునే తండ్రికి ముందు ప్రార్థన, తర్వాత ర్యాంకులు, ఆ తర్వాత కరస్పాండెంట్ గారి దర్శనం. నంబరూ ఫీజులూ వీటన్నిటి కిందకీ జారిపోయాయి.

"మంచిదే. ఫీజు ముందే కనపడితే బెదిరిపోతారు" అన్నారాయన.

ఈ హంగులన్నీ అసలు థీమ్ ఫైళ్ళలోనే రాస్తే ప్రమాదం సార్ అని కుర్రాడు చెప్పి చూశాడు. దానికి అప్‌డేట్ వచ్చినప్పుడు పాత ఫోల్డరు పోయి కొత్తది కూర్చుంటుంది, మనం రాసిందంతా కొట్టుకుపోతుంది, విడిగా ఓ చైల్డ్ థీమ్ కట్టి అందులోకి మారుద్దాం అన్నాడు. దానికింకో రోజు కూలి అడిగాడు.

"పెద్దదానికే కట్టలేక చస్తుంటే మళ్ళీ దానికో పిల్లా? అందులోనే రాయి."

రాశాడు. అయినా సైటు నచ్చలేదు. ఫొటో పెంచాడు, నచ్చలేదు. ర్యాంకుల వేగం పెంచాడు. "ఏదో తక్కువైందయ్యా" అన్నారు. మిగతా సగం డబ్బు అలాగే నిలిచిపోయింది.

ఓ సోమవారం పొద్దున కుర్రాడు సైటు తెరిస్తే గుండె జారింది. లేత పచ్చ నేల, నల్ల అక్షరాలు. ర్యాంకుల్లేవు, లైట్లు లేవు, ఎక్కడ తాకినా ప్రార్థన లేదు. పేజీల్లో రాసిన మాటలు డేటాబేసులో ఉంటాయి గనక పేరూ, నంబరూ, ఫీజులూ మాత్రం చెక్కుచెదరకుండా మొదట్లోకి వచ్చి కూర్చున్నాయి. 'అప్‌డేట్' అని కనపడితే గుమాస్తా నొక్కేశాడన్నమాట.

బ్యాకప్ వెతుకుతుండగా ఫోన్ మోగింది. కరస్పాండెంట్ గారే.

"సార్, ఒక్క గంట టైమివ్వండి..."

"ఆగవయ్యా. రాత్రి మా అల్లుడు డాలస్ నుంచి ఫోన్ చేశాడు. సైటు ఎంత హుందాగా ఉంది మామయ్యా అన్నాడు. పొద్దుట్నుంచి ఆఫీసు ఫోను ఆగట్లేదు, అన్నీ అడ్మిషన్లే. మొదట్నుంచీ నేను మొత్తుకున్నది ఇదేగా!"

కుర్రాడికి ప్రాణం లేచొచ్చింది. "అయితే సార్, నచ్చింది కాబట్టి ఆ మిగతా సగం..."

"నీకెందుకిస్తానయ్యా? ఇన్నాళ్ళూ నీవల్ల కాని పని మా గుమాస్తా ఒక్క నొక్కుతో చేశాడు. సైటు ఇక అతనే చూసుకుంటాడు." కాస్త ఆగి, ఓదార్పుగా అన్నారు: "అతనిక్కూడా జీతమేం పెంచలేదులే, నువ్వు బాధపడమాక."