ఏప్రిల్‌లో సర్వే, ఆగస్టులో పరామర్శ

రాజధానికి ఫ్యూచర్ సిటీ వచ్చింది. రంగారెడ్డి జిల్లాలో 56 ఊళ్లు, 765 చదరపు కిలోమీటర్లు, దాని బాగోగులు చూడటానికి ఒక అథారిటీ. మరి జనగామకు, మానుకోటకు (అదే, మహబూబాబాద్‌కు), భూపాలపల్లికి భవిష్యత్తు అక్కర్లేదా? 2016 దసరా నాడు పాత వరంగల్ జిల్లాను విడగొట్టినప్పుడు ఈ మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. హోదా వచ్చాక ప్లాను లేకుంటే నలుగురిలో నామోషీ. కొత్తగా చార్జి తీసుకున్న అధికారులకు, కౌన్సిలర్లకు, రాత్రికి రాత్రి వెంచర్ వేసే సోదరులకు పనికొచ్చే మెలకువలు కొన్ని చెబుతున్నాం. పాటించడం కష్టమేమీ కాదు. చాలామంది ఇప్పటికే పాటిస్తున్నారు.

అన్నిటికన్నా ముఖ్యమైంది: సర్వే ఏప్రిల్‌లోనే చేయించండి. మే అయితే మరీ మంచిది. ఆ నెలల్లో మన నేల ఎంత విశాలంగా కనబడుతుందో చెప్పలేం. చెరువు శిఖం నెర్రెలు వారి ఉంటుంది, పిల్లలు అందులో వికెట్లు పాతి క్రికెట్ ఆడుతుంటారు. వాగు ఇసుక బాటలా ఉంటుంది. మత్తడి రాళ్ల మీద మేకలు పడుకుని నెమరేస్తుంటాయి. అలాంటి చోట హద్దురాళ్లు పాతి, కొసలకు ఎర్రరంగు కొట్టించి, నాలుగు జెండాలు కట్టిస్తే ముప్పై అడుగుల రోడ్డు దానంతటదే పుట్టుకొస్తుంది. ఇంతలో ఊరి నీరటి వచ్చి, ‘సారూ, పై చెరువు మత్తడి దుంకితే నీళ్లు పోయే తొవ్వ ఇది’ అంటాడు. చివరిసారి ఎప్పుడు దుంకిందో అడగండి. నాలుగేళ్లయింది అన్నాడా, ఇక అది చరిత్ర. చరిత్ర పురావస్తు శాఖ చూసుకోవాలి, పట్టణ ప్రణాళిక విభాగం కాదు.

గొలుసుకట్టు పేరు చెప్పి భయపెట్టేవాళ్లూ ఉంటారు. పై చెరువు నిండితే మత్తడి దుంకి కింది చెరువుకు, అదీ నిండితే దాని కిందికి, చివరికి వాగులోకి. కాకతీయుల కాలం నాటి లెక్క ఇది. మధ్యలో ఒక్క చెరువును ప్లాట్లు చేసినా నీళ్లకు తొవ్వ తప్పుతుందని వాళ్ల బాధ. తొవ్వ తప్పిన నీళ్లు ఎక్కడికి పోతాయి? పక్క కాలనీకి. పక్క కాలనీ మన ప్లానులో లేదు కదా! అనుమతులు లేవన్న బెంగ కూడా వద్దు. క్రమబద్ధీకరణ పథకం అప్పుడప్పుడూ వస్తూనే ఉంటుంది. 2020లో వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టుకున్నవాళ్లు లక్షల్లో ఉన్నారు. శిఖం భూములకు ఇది వర్తించదని జీవోలో రాసే ఉంటుంది కానీ, ప్లాటు కొనేవాళ్లు బ్రోచర్ చదువుతారు, జీవో చదవరు.

జనగామ విషయంలో మనం ప్రపంచం కంటే ముందున్నాం. సౌదీ అరేబియా 2021లో ‘ద లైన్’ అని ప్రకటించింది. 170 కిలోమీటర్ల పొడవున గీత గీసినట్టు ఒకే ఒక్క నగరం. వేల కోట్ల డాలర్ల మాట అది. హైదరాబాద్–వరంగల్ హైవే వెంట మనం ప్లాట్ల బోర్డులతో, దాబాలతో, టైర్ల షాపులతో ఆ పని డాలరు ఖర్చు లేకుండా చేస్తున్నాం. ఊరు అలా సాగుతూ పోవాలంటే కిటుకు బైపాస్‌లో ఉంది. ఊళ్లో రద్దీ అని బైపాస్ వేయండి. వేసిన మర్నాడే దాని పక్కన ఫంక్షన్ హాలుకు అనుమతి ఇవ్వండి. పెళ్లి కార్లు హైవే మీదే ఆగుతాయి, వాటి కోసం చాయ్ బండ్లు వస్తాయి, వాటి కోసం స్పీడ్ బ్రేకర్లు వస్తాయి. పదేళ్లు తిరిగేసరికి అది బజారవుతుంది. అప్పుడు ఇంకో బైపాస్.

కలెక్టరేటును మాత్రం ఊరికి ఎంత దూరంగా కడితే అంత మేలు. జనగామ సమీకృత కలెక్టరేటును 2022 ఫిబ్రవరి 11న, మానుకోటది 2023 జనవరి 12న అప్పటి ముఖ్యమంత్రే స్వయంగా వచ్చి ప్రారంభించారు. బ్రహ్మాండమైన భవనాలు, కాదనం. ఇకముందు ఏది కట్టినా బస్టాండు నుంచి నడిచి పోయేంత దగ్గరగా మాత్రం కట్టకండి. అలా కడితే సోమవారం ప్రజావాణికి పింఛను రాని అవ్వలందరూ వచ్చేస్తారు. ఆటోకు రానూ పోనూ డబ్బులు పెట్టుకోవాల్సి వస్తే నిజంగా కష్టమున్నవాళ్లే వస్తారు. అర్జీలు తగ్గాయని నివేదికలో రాసుకోవచ్చు.

మానుకోటకు వద్దాం. ఈ ఊరికి పట్టాలే నడుము. అటు సగం, ఇటు సగం. కాబట్టి ఆసుపత్రి ఒక వైపు, దానికి వెళ్లాల్సిన జనం ఇంకో వైపు ఉండేలా చూసుకోండి. పట్టాల కింద దారి తవ్వించేటప్పుడు నీళ్లు బయటికి పోయే ఏర్పాటు అడిగితే, మోటారు పెడతామని చెప్పండి. మోటారుకు కరెంటు కనెక్షన్ వేరే శాఖ పని.

మానుకోట కంకరకు చరిత్రలో రెండుసార్లు పేరొచ్చింది. 2010 మే 28న జగన్ ఓదార్పు యాత్రను అడ్డుకున్న తెలంగాణ ఉద్యమకారుల చేతుల్లో మొదటిసారి. ‘మానుకోట రాళ్లు’ అంటే ఇప్పటికీ తెలంగాణలో ఎవరికీ వివరించనక్కర్లేదు. 2024 సెప్టెంబర్ 1న రెండోసారి. కేసముద్రం–ఇంటికన్నె మధ్య వరద ఆ కంకరను ఊడ్చుకుపోయింది. కింద కట్ట లేదు, పట్టాలు స్లీపర్లతో సహా గాల్లో వేలాడాయి. ఢిల్లీ నుంచి చెన్నై దాకా పోయే రైళ్లు ఎక్కడివక్కడ ఆగాయి. మరిపెడ మండలం పురుషోత్తమాయగూడెం దగ్గర ఆకేరు వంతెన మీది నుంచే పారింది. ఇంజినీరు అనేవాడు దీని నుంచి నేర్చుకోవాల్సింది ఒకటే: వాన అనూహ్యం అని రాయాలి. ‘కనీవినీ ఎరుగని’ అని కూడా చేర్చండి. ప్రతి ఏడూ అదే మాట రాయొచ్చు, ఫైలు చూసేవాళ్లు మారుతుంటారు.

పరిశ్రమ లేనిదే భవిష్యత్ నగరం లేదంటారు. బయ్యారం ఉండగా చింత ఏల? 2014 విభజన చట్టం పదమూడో షెడ్యూలు ప్రకారం, ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం పెట్టడం సాధ్యమా అని సెయిల్ ఆరు నెలల్లో పరిశీలించాలి. కర్మాగారం రాలేదు. ఈలోగా బయ్యారమే ఖమ్మం జిల్లా నుంచి మానుకోట జిల్లాకు వచ్చేసింది. కాబట్టి మాస్టర్ ప్లానులో ఉక్కు నగరానికి ఊదారంగు వేసి ఉంచండి, రంగుకు ఖర్చెంత? ఆ పక్కనే గణపతిదేవుని సోదరి మైలమ తవ్వించిన చెరువు, ఆమె శాసనం ఉన్నాయి. ఎనిమిది శతాబ్దాలుగా పొలాలు పారిస్తోంది కనుక దాన్ని ప్రత్యేకంగా ప్లానులో చూపించాల్సిన పని లేదు.

భూపాలపల్లిలో బొగ్గుంది, చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ ఉంది. బొగ్గు లారీలకూ బడి పిల్లలకూ ఒకే రోడ్డు చాలు. దుమ్ము లేస్తుందంటే ట్యాంకరుతో నీళ్లు కొట్టించండి. నీళ్లు కొడితే బురదవుతుంది, దానికి వేరే టెండరు. బొగ్గు అయిపోయాక ఊరు ఏం తిని బతుకుతుందని ఎవరైనా అడిగితే, కాళేశ్వరం చూపించి ‘ఆధ్యాత్మిక పర్యాటకం’ అనండి.

ఈ జిల్లాలోనే 2023 జూలై 27 తెల్లవారుజామున మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది. పక్క ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఆ 24 గంటల్లో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. జనం డాబాలెక్కి చేతులూపారు. పడవలు, హెలికాప్టర్లు వచ్చి తీసుకుపోయాయి. నలుగురిని వాగు తీసుకుపోయింది. ఇక్కడ తెలివితక్కువ ప్లానరైతే వాగుకు గట్లు, ఊరికి ముందస్తు సైరను, ఎత్తయిన చోట కమ్యూనిటీ హాలు అని చిన్న చిన్న పనులు రాసుకుంటాడు. మీరు హెలిప్యాడ్ రాయండి. వరదలప్పుడు కాకపోయినా ఎన్నికలప్పుడు పనికొస్తుంది.

ఎన్నికలంటే గుర్తొచ్చింది, నిర్మాణానికి ఎంత ఆయువు కావాలో ముందే లెక్క చూసుకోవాలి. మేడిగడ్డ బరాజ్ ప్రారంభం 2019 జూన్ 21. పిల్లర్లు కుంగింది 2023 అక్టోబర్ 21. పోలింగ్ నవంబర్ 30. నలభై రోజులు తక్కువ పడ్డాయి.

ఇక సీసీ రోడ్లు. పాత రోడ్డు తవ్వొద్దు, దాని మీదే కొత్తది పోయండి. మూడు పొరలయ్యేసరికి రోడ్డు గడపను దాటుతుంది, ఇంట్లోకి మెట్లు దిగి పోవాలి. సెల్లార్ పార్కింగ్ అన్నమాట, అదీ ఉచితంగా.

ఆఖరుగా శిలాఫలకం. నల్లరాయి మీద చెక్కించకండి. ఈ పదేళ్లలో వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, భూపాలపల్లిలోంచి ములుగు విడిపోయింది, ప్రభుత్వమూ మారింది. జనగామ పక్కనే పెంబర్తి ఉంది. ఇత్తడి రేకు మీద నగిషీ పనిలో వాళ్లను మించినవాళ్లు లేరు. అక్షరాలు విడివిడిగా చేయించి స్క్రూలతో బిగించండి. ముఖ్యమంత్రి పేరుకు, ఎమ్మెల్యే పేరుకు, జిల్లా పేరుకు స్క్రూ డ్రైవర్ అందేంత ఖాళీ వదలమని మరీ మరీ చెప్పండి. పథకం పేరు దగ్గర ఇంకాస్త ఎక్కువ వదిలితే మంచిది.