సైరన్ కూలి ఎవరిస్తారు?

2025 మే 7న ‘ఆపరేషన్ అభ్యాస్’ పేరుతో దేశమంతా పౌర రక్షణ కసరత్తు జరిగింది. సూరత్‌ కూడా సైరన్ మోగించి, రాత్రి దీపాలార్పింది. భేష్! ఊరి పక్కన హజీరాలో ఎల్ అండ్ టీ వారు సైన్యానికి వంద కే-9 వజ్ర శతఘ్నులు చేసిచ్చారు. అక్కడ సైన్యం, పరిశ్రమ చెట్టపట్టాలేసుకునే తిరుగుతాయి. మరి అదే సూరత్ మరమగ్గాల షెడ్డులో? పక్కవాడి కేకే వినపడని ఆ టకటకల్లో సైరన్ వినాలంటే ముందు మగ్గం ఆపాలి. ఆపితే మీటరు లెక్కన వచ్చే కూలి ఆగుతుంది. తెలంగాణ నుంచి వలసెళ్లిన మన నేతన్నకు శత్రు విమానంకన్నా ఆగిన మగ్గమంటేనే హడల్. అయ్యా అధికారులూ, సేట్లూ! మళ్లీ కసరత్తు పెట్టేముందు, ఆ కాసేపటి కూలి ఎవరి పద్దులో రాస్తారో తేల్చండి.