రెండు సున్నాల రాబడి

మళ్లీ సహస్రాబ్ది రావడానికి ఇంకా తొమ్మిదివందల పైచిలుకు ఏళ్లుంది. అయినా తగువు ఇప్పుడే తేల్చుకోవడం మంచిది. పోయినసారి తేల్చుకోకుండానే కేకు కోసేశాం.

1999 డిసెంబరు 31 అర్ధరాత్రి దాటగానే కొత్త వెయ్యేళ్లు మొదలని లోకం అంది. కాదు, 2001 జనవరి 1న మొదలని లెక్కల మాస్టార్లు, ఖగోళ శాస్త్రజ్ఞులు, పత్రికలకు ఉత్తరాలు రాసే రిటైర్డు ఉద్యోగులు అన్నారు. న్యాయం వీళ్ల పక్షానే ఉంది. పాపం, న్యాయం తప్ప మరేమీ లేదు.

గొడవంతా ఒక్క సున్నా దగ్గర వచ్చింది. 525లో డయోనిసియస్ అనే సన్యాసి రోములో ఈస్టరు పట్టిక వేస్తూ, క్రీస్తు పుట్టుక నుంచి ఏళ్లు లెక్కించే పద్ధతి పెట్టాడు. ఆయన చేతిలో ఉన్నవి రోమన్ అంకెలు, వాటిలో సున్నా లేదు. కాబట్టి క్రీ.పూ. 1 అయిపోయిన మర్నాడే క్రీ.శ. 1 వచ్చి కూర్చుంది. సున్నాతో కూడికలు, తీసివేతలు ఎలా చెయ్యాలో మన బ్రహ్మగుప్తుడు రాసింది 628లో. ఆ సన్యాసి ఇంకో 103 ఏళ్లు ఓపిక పట్టాల్సింది. మన ఇళ్లలో ఏ నాయనమ్మనడిగినా పిల్లాడికి అయిదు నిండాయో, అయిదో ఏడు నడుస్తోందో తేల్చి చెబుతుంది. 2000లో మనకు రెండువేలో ఏడు నడుస్తోంది, నిండలేదు. ఆ ముక్క చెప్పడానికి అబ్జర్వేటరీలు ప్రకటనలివ్వాల్సి వచ్చింది.

పైగా సన్యాసి లెక్కకు మొదలే తప్పు. క్రీస్తు హేరోదు రాజు కాలంలో పుట్టాడని సువార్త చెబుతోంది. ఆ రాజు క్రీ.పూ. 4లో పోయాడని ఎక్కువమంది చరిత్రకారులు అంటారు. ఆ ప్రకారం రెండువేల ఏళ్లు 1997 నాటికే నిండిపోయాయి. అప్పుడు మనం కేబుల్ టీవీ చూస్తున్నాం.

అసలు ఇలాంటివి తేల్చేది లెక్క కాదు. ఇరవయ్యో శతాబ్దం 1900 జనవరి 1నే మొదలని జర్మనీ చక్రవర్తి రెండో విల్‌హెల్మ్ ఆజ్ఞాపిస్తే, అక్కడ అలాగే మొదలైంది. వందేళ్ల తర్వాత చక్రవర్తుల పనిని టీవీ చానళ్లు, హోటళ్లు చేసిపెట్టాయి. పసిఫిక్‌లోని కిరిబాటి దేశం 1995లోనే దినరేఖను తూర్పుకు జరిపేసి, తొలి సూర్యోదయానికి ముందుగా కర్చీఫ్ వేసుకుంది. మనుషులే లేని ఒక దీవికి మిలీనియం దీవి అని పేరు మార్చి, పాటగాళ్లను అక్కడికి తీసుకెళ్లి టీవీలో చూపించింది. లండన్‌వాళ్లు 78.9 కోట్ల పౌండ్లు పోసి మిలీనియం డోమ్ కట్టారు. 1.2 కోట్లమంది వస్తారనుకుంటే 65 లక్షలమంది వచ్చారు. దానికి తాళం పడింది 2000 డిసెంబరు 31న. మాస్టార్ల మిలీనియం మర్నాడు మొదలవుతుందనగా!

మనకు 1999 చివరి అర్ధరాత్రి ప్రమాది నామ సంవత్సరం, ధనుర్మాసం. ఉగాదికి ఇంకా మూడు నెలలుంది. అరవై ఏళ్లకోసారి ప్రభవ దగ్గరికి తిరిగొచ్చేవాళ్లకు వెయ్యేళ్ల గొడవతో పనేమిటి అంటారా? పని ఉంది, జీతంతో సహా. కంప్యూటర్లలో చోటు పొదుపు చేద్దామని పాతకాలపు ప్రోగ్రామర్లు సంవత్సరానికి చివరి రెండంకెలే రాశారు. 00 వస్తే యంత్రం 1900 అనుకుంటుందని, అదే వైటూకే గండమని అమెరికాకు గుండె జారింది. ఆ జారిన గుండెను హైదరాబాదులోని అమీర్‌పేట పట్టుకుంది. అక్కడ పోయిందనుకున్న కోబాల్ భాష ఇక్కడ గోడల మీద కోచింగ్ సెంటర్ల పోస్టర్లయి లేచింది. హెచ్-1బి వీసాల పరిమితి ఏడాదికి 65 వేల నుంచి 1,15,000కు పెరిగింది. పెళ్లిచూపుల్లో “మావాడు వైటూకే చేస్తున్నాడండీ” అంటే చాలు, ఏమిటదని అడిగినవాళ్లు లేరు. సన్యాసికి దొరకని ఒక సున్నా వాదన మిగిల్చితే, యంత్రానికి అర్థంకాని రెండు సున్నాలు మనకు మేడలు కట్టిపెట్టాయి.

ఆ రాత్రి విమానాలు కూలలేదు, బ్యాంకులు మునగలేదు. మేం బాగు చేశాం కాబట్టి అని ప్రోగ్రామర్లు, అసలేమీ లేదు కాబట్టి అని డబ్బు కట్టినవాళ్లు ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు. అంతలో మాస్టార్ల అసలైన మిలీనియం 2001లో వచ్చింది. వస్తూ వస్తూ మూతపడ్డ డాట్‌కామ్ కంపెనీలను వెంటబెట్టుకొచ్చింది. పని లేక బెంచి మీద కూర్చున్న అల్లుళ్ల ఫోన్లు మొదలయ్యాయి. అప్పటినుంచి మన మధ్యతరగతి 2000 పక్షమే. ఎవరైనా కాదనగలరా?

కనుక 3000లోనా, 3001లోనా అని ఇప్పుడు చొక్కాలు చించుకోకండి. దగ్గర్లో ఇంకో ముహూర్తం ఉంది. సెకన్లను 32 బిట్లలో లెక్కపెట్టే పాత యంత్రాలకు 2038 జనవరి 19న, మన టైము ప్రకారం ఉదయం 8.44కు, అంకెలు అయిపోతాయి. అవి గిర్రున వెనక్కి తిరిగి 1901 డిసెంబరులో పడతాయి. గమనించారా, 1900లో కాదు! యంత్రాలు కూడా చివరికి మాస్టార్ల శతాబ్దంలోనే పడుతున్నాయి. ఆ రోజు మంగళవారం, రాహుకాలం మధ్యాహ్నం మూడింటికి గానీ రాదు. దోషమేమీ లేదు. అమీర్‌పేటలో షట్టరు అద్దెకు తీసుకోదలచినవాళ్లు అడ్వాన్సు ఇచ్చేసుకోవచ్చు.