ఏ ఉప్పు వేశావు?

మా గ్యారేజీలో బల్ల కింద ఒక స్టీలు మర ఉంది. దాని పెద్ద గేరుకి మూడు పళ్లు లేవు. పోయిన డిసెంబరులో ఒక శనివారం సాయంత్రం వాటిని నేనే విరగ్గొట్టాను. బాగు చేయించలేదు, పారేయనూ లేదు. దాన్ని చూసినప్పుడల్లా ఆ తర్వాత గడిచిన రెండు రాత్రులు గుర్తొస్తాయి. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పుకోలేదు. ఇప్పుడు చెప్తాను.

మేం ఉండేది అమెరికాలో, విస్కాన్సిన్‌లో. ఇక్కడ థాంక్స్‌గివింగ్‌కి ముందొచ్చే శనివారం తుపాకీతో జింకల వేట మొదలై తొమ్మిది రోజులు సాగుతుంది. లైసెన్సు తీసుకుని వేటాడిన మాంసాన్ని అమ్మకూడదు. ఇంట్లో తినాలి, లేదంటే పంచిపెట్టాలి. అందుకే డిసెంబరు వచ్చేసరికి ఇరుగుపొరుగు ఫ్రీజర్లలోంచి పొట్లాలు మా ఇంటికీ వస్తాయి. మా పక్కింటాయనకి డెబ్బై దాటాయి. తన వాటాలో సగానికి సగం స్నాక్ స్టిక్స్ చేస్తాడు. చిటికెన వేలంత లావు, జానెడు పొడవు, పొగలో మగ్గిన ఖీమా కడ్డీలు. కొరికితే పైపొర టప్పున తెగుతుంది. లోపల మిరియం, వెల్లుల్లి, పొగ వాసన.

మొదటిసారి ఆయన చేతిలో పెట్టినప్పుడు నాకు అమ్మ చేసిన ఒట్టి తునకలు గుర్తొచ్చాయి. మాది నల్లగొండ వైపు పల్లె. నడి ఎండాకాలంలో అమ్మ మేక మాంసాన్ని సన్నగా, పొడుగ్గా కోసి, ఉప్పు, పసుపు, కారం పట్టించి తాడుకి గుచ్చి ఎండలో వేలాడదీసేది. కాకులు రాకుండా కర్ర పట్టుకుని కూర్చోవడం నా పని. నాలుగు రోజులకి అవి కట్టెపుల్లల్లా ఎండి ఒకదానికొకటి తగిలితే గలగలమనేవి. తర్వాత నెలలకొద్దీ కుండలో ఉండేవి. కావాలన్నప్పుడు నానబెట్టి దోసకాయతో వండేది.

ఈ కడ్డీలూ అవే కదా అనుకున్నాను. మన కారం, అల్లం వెల్లుల్లి, వేయించిన ధనియాలు వేసి మా అబ్బాయికి అమ్మ చేతి రుచి చూపిద్దామనుకున్నాను. వాడికి ఎనిమిదేళ్లు. నాయనమ్మ ఒట్టి తునకలు వాడు తిన్నది ఒక్కసారే.

పక్కింటాయన కంచె దగ్గర నిలబడి అరగంట సేపు చెప్పాడు. చిన్న మర చాలు. కలిపిన వెంటనే నింపు. మంచునీళ్లు పోయడం మర్చిపోకు. క్యూర్, అదే పింక్ సాల్ట్, తప్పకుండా తూకం వేసి కలుపు. అన్నిటికీ తలూపాను. ఇంట్లో పాతికేళ్లుగా వంట చేస్తున్నవాణ్ణి, ఖీమాకి ఉప్పూ కారం వేయడం నాకు ఒకరు నేర్పాలా అన్న గర్వం లోపల ఉంది. ఆయన మాటలు చెవిన పడ్డాయి గానీ మనసుకెక్కలేదు.

ముందు ఖీమాని తొడుగులోకి నింపే మర సంగతి. అంగట్లో 5 పౌండ్లు పట్టేది, 15 పౌండ్లు పట్టేది రెండూ ఉన్నాయి. ధరలో తేడా మరీ పెద్దదేం కాదు. పెద్దదైతే బలంగా నొక్కుతుందని పెద్దదే కొన్నాను. ఇంటికొచ్చి ఏడు పౌండ్ల జింక మాంసం, మూడు పౌండ్ల పంది కొవ్వు కలిపి ఖీమా కొట్టించాను. జింక మాంసంలో కొవ్వు దాదాపు ఉండదు కాబట్టి అది తప్పదు. శుక్రవారం రాత్రి ఉప్పు, కారం, మసాలాలు వేసి బాగా పిసికి ఫ్రిజ్‌లో పెట్టి పడుకున్నాను. బిర్యానీకి మాంసం రాత్రంతా నానితేనే రుచి అని నమ్మే ఇంటివాణ్ణి. ఖీమాకీ అదే పద్ధతి అనుకున్నాను. నీళ్లు చుక్క పోయలేదు.

ఉప్పు తగిలిన ఖీమాని పిసికితే మాంసంలోని ప్రోటీన్ ఊరి జిగురవుతుంది. కడ్డీ ముక్కలు ముక్కలుగా రాలకుండా పట్టి ఉంచేది ఆ జిగురే. కానీ అప్పుడే నింపకుండా వదిలేస్తే అది బిగుసుకుపోతుంది. తెల్లారి గిన్నె బోర్లించి తడితే మొత్తం ఒక్క ముద్దగా ఊడిపడింది. వేలితో నొక్కితే దిగలేదు.

కడ్డీలకి తొడుగుగా వాడే కొల్లాజెన్ కేసింగ్ వెడల్పు 19 మిల్లీమీటర్లు. దాన్ని తొడిగే గొట్టం ఇంకా సన్నం, బయటి కొలత 12 మిల్లీమీటర్లు. కేసింగ్‌ని గొట్టం మీద మడతలు మడతలుగా ఎక్కించి, డబ్బాలో ఖీమా కూరి హ్యాండిల్ తిప్పాను. పది చుట్లకి గొట్టం మూతి దగ్గర మినపగింజంత మాంసం కనిపించింది. ఇంకో చుట్టుకి హ్యాండిల్ ఆగిపోయింది. రెండు చేతులూ వేశాను. ఖీమా ముందుకి రాకుండా, నొక్కే బిళ్ల చుట్టూ ఉన్న రబ్బరు రింగు పక్కనుంచి పైకి పాకింది. ఒక్కసారిగా గొట్టంలోంచి చిమ్మితే కేసింగ్ నిలువునా చీలింది. దాన్ని కోసేసి మళ్లీ మొదలుపెట్టాను. ఇలా మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా కుస్తీ పడితే నాలుగో వంతు కడ్డీలయ్యాయి. అరచేతులు బొబ్బలెక్కాయి. ఆఖరికి మరని బల్లకి క్లాంపులతో బిగించి ఒళ్లంతా మోపి తిప్పాను. పచ్చి కట్టె విరిగినట్టు చప్పుడైంది. హ్యాండిల్ ఖాళీగా గిర్రున తిరిగింది.

ఎందుకలా అయిందో తర్వాత టేపు పెట్టి కొలిచి తెలుసుకున్నాను. నా డబ్బా వ్యాసం 8 అంగుళాలు, పక్కింటాయన చిన్న మరది 5 అంగుళాలు. సన్నటి గొట్టంలోంచి మాంసం కదలాలంటే డబ్బాలో కొంత ఒత్తిడి పుట్టాలి. ఆ ఒత్తిడి రెండు మరలకీ ఒకటే. కానీ దాన్ని పుట్టించడానికి బిళ్ల మీద వేయాల్సిన బలం బిళ్ల వైశాల్యాన్ని బట్టి పెరుగుతుంది. నా బిళ్ల వైశాల్యం ఆయనదానికి రెండున్నర రెట్లు. అంటే ఆయన ఒంటిచేత్తో తిప్పేదానికి నేను రెండున్నర మనుషుల బలం వేయాలి, ఆ బలమంతా ఆ గేరు పళ్లు మోయాలి. పెద్ద మర లావుపాటి సాసేజీలకి మంచిదే. సన్న కడ్డీలకి చిన్నదే సరైనది. మురుకుల గొట్టం పట్టుకున్న చేతికి ఇది తెలియనిదా? పిండి గట్టిగా ఉంటే అమ్మ నీళ్లు చిలకరించి మళ్లీ కలిపేది, సన్న చిల్లుల బిళ్లకైతే ఇంకా మెత్తగా కలిపేది. ఆ పని చేసి పెరిగిన చేతులతోనే ఇది చేశాను.

గేరు విరిగాక పక్కింటికి వెళ్లాల్సింది. ముప్పై అడుగుల దూరం, దీపం వెలుగుతోంది. ఆయన చెప్పిందానికల్లా ఎదురు చేశానని ఒప్పుకోవడానికి మొహం చెల్లలేదు. నా తప్పులన్నిటిలోకీ పెద్దది ఇదే. అప్పుడే వెళ్లి ఉంటే తర్వాతది జరిగేదే కాదు.

అయిన కడ్డీలని స్మోకర్లో వేలాడదీశాను. 55 డిగ్రీల సెల్సియస్‌కి అటూ ఇటూగా ఆరు గంటలు. లోపలి వేడి చూడటానికి థర్మామీటరు గుచ్చలేదు, పైన రంగు తిరగగానే దించేశాను. ఒట్టి తునకలు బయటే ఉండేవి కదా అని గుడ్డ కప్పి వంటింటి బల్ల మీద పెట్టాను. ఆదివారం సాయంత్రం అబ్బాయి రెండు తిన్నాడు. బాగుంది నాన్నా అన్నాడు.

సోమవారం సాయంత్రం పక్కింటాయన ఏదో పని మీద వచ్చి బల్ల మీద కడ్డీలు చూశాడు. సంతోషంగా ఒకటి తీసి చాకుతో అడ్డంగా కోశాడు. కోసిన చోట చూసి నోట్లో పెట్టుకోకుండా కింద పెట్టేశాడు.

"ఏ ఉప్పు వేశావు?"

పింక్ సాల్టే వేశానని వంటింటి అలమరలోంచి హిమాలయన్ ఉప్పు సీసా తెచ్చి చూపించాను. ఆయన మొహం మారిపోయింది.

"ఎవరైనా తిన్నారా?"

ఆయన క్యూర్ అన్నది వేరు. అది 93.75 శాతం మామూలు ఉప్పు, 6.25 శాతం సోడియం నైట్రైట్. వంట ఉప్పని ఎవరూ పొరపడకుండా దానికి గులాబీ రంగు వేస్తారు. 5 పౌండ్ల మాంసానికి ఒక్క టీ స్పూను, దాదాపు 5.7 గ్రాములు. అది పడ్డ మాంసం పొగలో మగ్గాక కూడా లోపల గులాబీ రంగులోనే ఉంటుంది. నా కడ్డీ లోపల బూడిద రంగుంది. ఆయన చూసింది అదే.

మాంసం ముక్కకి సూక్ష్మజీవులు ఎక్కువగా పైనే ఉంటాయి. ఖీమా కొడితే లోపలికంతా కలిసిపోతాయి. దాన్ని గాలి చొరకుండా తొడుగులో బిగించి గంటల తరబడి గోరువెచ్చని పొగలో పెట్టి, పైగా రాత్రంతా బయట వదిలేస్తే, గాలి లేని చోట పెరిగి విషం కక్కే బాట్యులినమ్ అనే బాక్టీరియాకి ఇల్లు కట్టి ఇచ్చినట్టే. నైట్రైట్ దాన్ని అడ్డుకుంటుంది. హిమాలయన్ ఉప్పులో నైట్రైట్ వేయరు. మరి అమ్మ తునకలకి ఏం కాలేదేమంటే అవి సన్నటి ముక్కలు, చుట్టూ గాలి, పైన మండే ఎండ. నీరు త్వరత్వరగా ఇంకిపోయేది. రెంటినీ చూసి ఒకటే అనుకున్నాను. నేను చూసింది ఆకారం మాత్రమే.

పిల్లల డాక్టరు గారి రాత్రి నంబరుకి ఫోన్ చేశాను. కనురెప్పలు వాలినా, వస్తువులు రెండుగా కనబడినా, మింగలేకపోయినా, మాట ముద్దగా వచ్చినా క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకురమ్మన్నారు. లక్షణాలు ఎక్కువగా 12 నుంచి 36 గంటల్లో కనబడతాయట. కొన్నిసార్లు రోజులు పట్టవచ్చట. ఆ రాత్రీ మర్నాటి రాత్రీ నేనొక పక్క, మా ఆవిడ ఒక పక్క వాడి మంచం దగ్గర కూర్చున్నాం. గంటకోసారి లేపి గ్లాసులో నీళ్లు తాగించి గుటక పడుతోందా లేదా చూశాను. నిద్రమత్తులో వాడి రెప్పలు బరువుగా ఉంటే అది నిద్రో విషమో తెలియక టార్చిలైటు వేసి మళ్లీ చూసేవాణ్ణి. మా ఆవిడ నన్నొక్క మాట అనలేదు. ఆ మౌనం నాకింకా బరువుగానే ఉంది.

ఆ రాత్రుల్లోనే చదివాను. లాటిన్‌లో బాట్యులస్ అంటే సాసేజి. ఆ జబ్బుకి పేరు వచ్చిందే దీన్నుంచి. జర్మనీలోని వూర్టెంబర్గ్‌లో యుస్టినుస్ కెర్నెర్ అనే వైద్యుడు సాసేజీలు తిని జబ్బుపడ్డవాళ్ల వివరాలు కూడగట్టి 1822లో 155 కేసులతో పుస్తకం వేశాడు. ఆ విషాన్ని తన మీద కూడా ప్రయోగించి చూసుకున్నాడు. బాక్టీరియాని పట్టుకున్నది ఆ తర్వాత ఎన్నో ఏళ్లకి. 1895లో బెల్జియంలో ఒక అంత్యక్రియల విందులో హామ్ తిని కొందరు చనిపోతే వాన్ ఎర్మెంగెమ్ కనిపెట్టాడు. ఎందరి ప్రాణాలో పోయి తెలిసిన సంగతి నాకు కంచె దగ్గర ఉత్తపుణ్యానికి చెప్పారు.

అబ్బాయికి ఏమీ కాలేదు. బుధవారం పొద్దున అమ్మకి ఫోన్ చేసి అంతా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "బిడ్డా, మనం ఎండల ఏసినం. పొగల పెట్టుడు నాకు తెల్వది, నీకూ తెల్వది. తెల్వనప్పుడు అడగాలె గద," అంది.

కడ్డీలూ మిగిలిన ఖీమా కలిపి పది పౌండ్లూ చెత్తలో వేశాను. ఒక జీవి ప్రాణం తీసి తెచ్చిన మాంసం, ఒక పెద్దాయన ప్రేమగా ఇచ్చిన మాంసం. ఆయన ఇంటికెళ్లి క్షమించమన్నాను. తర్వాతి శనివారం ఆయనే ఇంకో ఐదు పౌండ్లు పట్టుకుని తన చిన్న మరతో వచ్చాడు.

అన్నిటికన్నా ముందు గ్రాముల త్రాసు బల్ల మీద పెట్టాడు. క్యూర్ తూచి కొద్దిపాటి మంచునీళ్లలో కరిగించి ఖీమాలో పోశాడు. ముద్ద తీసుకుని అరచేయి బోర్లిస్తే పడకుండా అంటుకోవాలి, అంతవరకూ కలపమన్నాడు. వెంటనే మరలో కూరాడు. హ్యాండిల్ నన్నే తిప్పమన్నాడు. ఒక్క చేత్తో, వెన్నలా తిరిగింది. సన్నటి కడ్డీ బారలకొద్దీ చుట్టలు చుట్టుకుంటూ వచ్చింది. ఇరవై నిమిషాల్లో పని అయిపోయింది. స్మోకర్ 55 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి గంటకింత పెంచుతూ 77 దగ్గర ఆపాడు. అంతకు మించితే కొవ్వు కరిగి కారిపోతుంది. థర్మామీటరు లోపల 71 చూపించాకే దించి మంచునీళ్లలో ముంచాడు. కోస్తే లోపల గులాబీ రంగు. వేయించిన ధనియాలు, మన కారం అందులో బాగా ఒదిగాయి. అబ్బాయి తినే ముందు నా మొహంలోకి చూశాడు. తినమన్నాను.

ఇప్పుడు మా ఇంట్లో క్యూర్ వంటింట్లో ఉండదు. గ్యారేజీలో పై అరలో, తాళం వేసిన డబ్బాలో ఉంటుంది. కూరలో ఉప్పనుకుని వేస్తే అదీ ప్రాణాంతకమే, రక్తం ప్రాణవాయువుని మోయలేకపోతుంది. డబ్బా మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాశాను: "ఇది వంట ఉప్పు కాదు." ఇక్కడ స్నేహితుల దగ్గర స్నాక్ స్టిక్స్ నేర్చుకుంటున్న మనవాళ్లు చాలామంది ఉన్నారు. మీ ఇంట్లో గులాబీ రంగు ఉప్పులు రెండుంటే దయచేసి ఈ రోజే లేచి వాటి మీద పేర్లు రాయండి.